గవ్వల ఒడ్డున మా విజయ వదిన

వెళ్ళొచ్చి పదిహేను రోజులైంది. సంచి మూలల్లోంచి, చీర కుట్టుల్లోంచి ఇంకా ఇసుక రాలుతూనే ఉంది. పద్మారావు నగర్‌లో మా అపార్ట్‌మెంటు ఆడవాళ్ళు లిఫ్టు దగ్గర కనిపిస్తే చాలు, "ఎట్లుండె సముద్రం?" అని అడుగుతున్నారు. లిఫ్టు కిందికి వచ్చేలోపు చెప్పి ముగించే సంగతి కాదది. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ప్యాకెట్టు విప్పిన రోజు

రాంగోపాల్‌పేట్‌లో ఒక గల్లీలో మాది మగ్గం వర్కు దుకాణం. దాన్ని పెట్టింది నేను కాదు, మా ఆడబిడ్డ విజయ వదిన. నాకు సూది పట్టడం నేర్పింది ఆమే. ముప్పై ఏళ్ళు పెళ్ళికూతుళ్ళ జాకెట్ల మీద పూసలు, జరీ కుట్టిన మనిషి. కళ్ళల్లో నీటికాసులని, అదే గ్లకోమా అని, డాక్టరు చెప్పేసరికే చూపు సగం పోయింది. మిగతా సగం మూడేళ్ళ కింద పోయింది.

అప్పటి నుంచి ఆమె దుకాణానికి రాలేదు. దుకాణానికే కాదు, మా ఇంటి గడప కూడా దాటలేదు. భర్త పోయాక మాతోనే ఉంటోంది. పొద్దున లేచి కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటే మళ్ళీ పడుకునే వేళకే లేచేది. ఎటు కదలాలన్నా నేనో, మా ఆయన శంకరో చెయ్యి పట్టుకునేవాళ్ళం. డాక్టరు చెప్పి కొనిపించిన తెల్ల కర్ర తలుపు వెనక అట్లాగే ఉండిపోయింది. "ఏం తింటవ్ వదినా?" అంటే "ఏదో ఒకటి" అనేది. మూడేళ్ళలో ఆమె నోటి నుంచి నాకు ఇది కావాలి అన్న మాట వినలేదు.

మొన్న చలికాలంలో ఒక లెహంగాకి అంచు కుట్టే ఆర్డరు వచ్చింది. కస్టమర్ తన సరుకు తానే తెచ్చుకుంది, ఒక ప్యాకెట్టు నిండా చిన్న చిన్న గవ్వలు. ఏరి పెట్టుకుందామని ఇంటికి తెచ్చి పళ్ళెంలో పోశాను. ఆ చప్పుడుకి వదిన తల తిప్పింది. చెయ్యి చాపి ఒకటి తీసుకుంది. వేళ్ళ మధ్య తిప్పింది. ఇంకొకటి తీసుకుంది.

"గివి పూసలు గావు. ఏందివి?"

"గవ్వలు వదినా. సముద్రం కాడివి."

"మిషిన్ల చేసినయా?"

"కాదు. ఒడ్డు మీద ఏరుతరంట."

ఆమె పళ్ళెంలో రెండు చేతులూ పెట్టి గవ్వల్ని కలియబెట్టింది. తర్వాత నెమ్మదిగా అంది. "నన్ను సుత తీస్కపో పద్మా. నేను ఏరుతా."

మా ఆయన ఒప్పుకోలేదు. కోపంతో కాదు, భయంతో. "కండ్లున్నోళ్ళకే ఆడ కాళ్ళు నిలువయి. అక్కకు ఏమన్నా అయితే ఎవరు జవాబు చెప్తరు?" అన్నాడు. లోపలి గదిలోంచి ఆమె వింది. "ఈ కుర్చీల కూసుంటే నాకు ఏమైతున్నదో ఎన్నడన్న అడిగినవురా?" అంది. మా ఆయన మర్నాడు టికెట్లు తెచ్చిపెట్టాడు.

రైల్లో

శుక్రవారం పొద్దున సికింద్రాబాద్‌లో ఎక్కాం. ఎదురు సీట్లో తెనాలి ఆవిడ ఒకరు, కూతురి ఇంటి నుంచి తిరిగి వెళుతోంది. వరంగల్ దాటకముందే మా ఇంటిపేరు, మా పిల్లల చదువులు, మా అపార్ట్‌మెంటు మెయింటెనెన్సు ఎంతో అన్నీ తెలుసుకుంది. డబ్బా మూత తీసి పులిహోర పెట్టింది. మన చింతపండు పులిహోరలో నువ్వులపొడి పడుతుంది కదా, ఆవిడ దాంట్లో ఆవాల ముద్ద. ముక్కులోకి ఘాటెక్కింది.

వదిన చేతికి గిన్నె అందించబోయి అప్పుడు గమనించింది ఆవిడ.

"కళ్ళు కనపడవా అమ్మా మీకు?"

"కనపడవు."

"మరి సముద్రానికి ఎందుకండీ?"

"గవ్వలు ఏరుకుందామని."

ఆవిడ నావైపు చూసింది. నేను కిటికీలోకి చూశాను. నిజం చెప్పాలంటే అదే ప్రశ్న నా లోపల కూడా ఉంది. విజయవాడ దాటి కృష్ణ మీద వంతెన ఎక్కగానే రైలు మోత మారింది. ఎవరూ చెప్పకుండానే వదిన సంచీలో తడిమి రూపాయి బిళ్ళ తీసి నా చేతిలో పెట్టింది. "ఏటి మీద ఉన్నం. వెయ్యి" అంది. తెనాలి ఆవిడ దిగేటప్పుడు వదిన గడ్డం పట్టుకుని "బోలెడు దొరకాలి మీకు" అని చెప్పి దిగింది.

మొదటి సాయంత్రం

ఊరి పేరు రాయను. రాయొద్దని, అక్కడ మాకు గది ఇచ్చిన నాగేశ్వరమ్మ నా దగ్గర మాట తీసుకుంది. పేరున్న బీచిలకి కార్లలో జనం వచ్చి గవ్వలు బస్తాలకెత్తుకుపోయారట, అట్లా తమ ఒడ్డు కాకూడదని ఆమె భయం. చీరాలలో దిగి ఆటోలో ముప్పావు గంట, సరుగుడు తోటల మధ్య నుంచి, అని మాత్రం చెబుతాను.

నాగేశ్వరమ్మ మత్స్యకారుల ఇంటి మనిషి. అరవై దాటి ఉంటాయి, ఇనుప కడ్డీలా ఉంటుంది. ఏ.ఎస్. రావు నగర్‌లో ఉండే మా కస్టమర్ ఒకావిడది చీరాల. ఆవిడ ఫోన్ చేసి చెబితే నాగేశ్వరమ్మ మాకు తన ఇంట్లో ఒక గది ఇచ్చింది. రోజుకి మూడు వందలు, భోజనం అందులోనే. సికింద్రాబాద్‌లో ఆ డబ్బుకి ఇద్దరం హోటల్లో ఒక్క పూట తినలేం.

"ముందు కాళ్ళు కడుక్కోండి. తర్వాత గంగమ్మ తల్లిని చూద్దురు గాని" అంది.

అక్కడ సముద్రాన్ని ఎవరూ సముద్రం అనరు, గంగమ్మ అంటారు. నీళ్ళల్లో అడుగు పెట్టేముందు వంగి, ఆ నీళ్ళు తల మీద చల్లుకుంటారు. మనం బోనాలప్పుడు గుడి మెట్టుకి చెయ్యి తాకించి కళ్ళకద్దుకున్నట్టు. వదిన కూడా వంగి చల్లుకుంది. నేను ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

పట్టుకోవడమే తప్పయింది. అల వెనక్కి పోతూ కాళ్ళ కింది ఇసుకని లాక్కుపోయింది. నేను తూలాను, నాతోపాటు ఆమెనీ లాగాను. ఇద్దరం పడ్డాం. రెండో అల ఆమె మీద నుంచి వెళ్ళింది. నాగేశ్వరమ్మ వచ్చి జబ్బ పట్టుకుని లేపేసరికి వదిన ముక్కులో, నోట్లో ఉప్పునీళ్ళు.

గదిలోకి తెచ్చి చీర మార్చాను. మంచం అంచున కూర్చుని గోడ వైపు తిరిగింది. "శంకర్ చెప్పిందే కరెక్టు. రేపు పొద్దున పోదాం పద్మా" అంది. నాకు ఏడుపొచ్చింది. మూడేళ్ళకి ఒక్క కోరిక కోరితే దాన్ని పది నిమిషాల్లో నేనే ముంచేశాను అనిపించింది.

నాగేశ్వరమ్మ గుమ్మంలో నిలబడి అంతా విన్నది. "రేపు బండి మధ్యాన్నం గాని దొరకదమ్మా" అంది. "అందాకా పాక కాడ కూర్చుందురు రండి. నీళ్ళల్లో దిగే పని లేదు."

పాక నీడలో

ఒడ్డుకి కాస్త ఎగువన తాటాకు పాక. దాని కింద ఏడెనిమిది మంది ఆడవాళ్ళు గుల్లలు, మన గవ్వలే, వేరు చేస్తూ ఉంటారు. ఒడ్డు మీద ఏరి తెచ్చిన సరుకంతా కుప్పగా పోస్తారు. పగలనివి ఒక గంపలోకి, అవి దండలకి, తోరణాలకి చీరాల వ్యాపారి కొంటాడు. పగిలినవి ఇంకో గంపలోకి, అవి కాల్చి సున్నం చేస్తారు. మంచి గంపలో పగిలినవి కలిస్తే వ్యాపారి గంప మొత్తం వెనక్కి నెడతాడు. అందుకని ఒక్కోదాన్ని వెలుగుకి ఎత్తి చూసి వేస్తారు.

వదినకి పీట వేసి, "ఊరికే కూర్చోకుండా ఇయి ముట్టుకుని చూడమ్మా" అని నాగేశ్వరమ్మ కుప్పలోంచి రెండు దోసిళ్ళు ఒళ్ళో పోసింది.

నెమ్మదిగా వదిన వేళ్ళు కదిలాయి. "పద్మా, ఇది షర్టు గుండీ లెక్కనే ఉంది" అంది. ఇంకొకటి తీసి, "దీని మీద దువ్వెన పండ్లసొంటి గీతలున్నయి" అంది. మరొకటి సన్నగా, పొడుగ్గా, మెలి తిరిగి ఉన్నది. "గిది జరీ చుట్ట." దాన్ని కొస నుంచి మొదటి దాకా బొటనవేలి గోటితో రాసి, "ఈడ పగిలింది" అని పక్కన పెట్టింది.

పక్కనున్నావిడ దాన్ని తీసి వెలుగులో చూసింది. "బాగానే ఉందిగా" అంది. నాగేశ్వరమ్మ తీసుకుని కళ్ళ దగ్గర పెట్టుకుంది. తల వెంట్రుక కంటే సన్నటి గీత ఒకటి ఉంది. వేలితో నొక్కితే రెండు ముక్కలైంది.

ఆ తర్వాత వదిన ముందు కుప్ప తగ్గడం, మళ్ళీ పోయడం. నేను ఎప్పుడో దుకాణంలో చూసిన వేగం అది, ఎడమచేత్తో తీసి, కుడిచేత్తో తడిమి, అటో ఇటో వెయ్యడం. ఒకసారి మాత్రం ఉలిక్కిపడి చెయ్యి విదిలించింది. "ఇండ్ల ఏదో నడుస్తున్నది."

"సన్యాసి పీతమ్మా అది. ఎవరో వదిలేసిన గుల్లలో కాపురం పెట్టుద్ది" అని నాగేశ్వరమ్మ అంటే పాకంతా నవ్వింది.

"మా దిక్కు ఎండ్రకాయ అంటం" అంది వదిన, తానూ నవ్వుతూ. బతికున్న జీవి ఉన్న గుల్లని వాళ్ళు ఉంచుకోరు. ఒకావిడ దాన్ని తీసుకెళ్ళి నీళ్ళ అంచున వదిలి వచ్చింది.

భోజనం అక్కడికే వచ్చింది. "సొర వండాను, తినండి" అంది నాగేశ్వరమ్మ. నేను చేతులు కడుక్కోవడానికి వెళ్ళాను. శనివారం మేం నీచు ముట్టం. వదిన సొరకాయ అనుకుని అన్నంలో కలుపుకుంది. ఆ గాలి నిండా చేపల వాసనే కాబట్టి తేడా తెలియలేదు. నేను వచ్చేసరికి రెండు ముద్దలు లోపలికి పోయాయి. మూడోది నోట్లో పెట్టుకుని ఆగింది.

"పద్మా, గిది కాయ గాదు."

సొరచేప. నాగేశ్వరమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. వదిన నమిలి మింగింది. "షురూ అయితే అయింది. ఎంకన్నకు నేను చెప్పుకుంట" అని పళ్ళెం ముందుకు జరిపింది, ఇంకొంచెం వెయ్యమని. ఆమె రెండోసారి అడిగి తినడం నేను చూసి ఎన్నాళ్ళయిందో.

రెండు గంటల వేళ వ్యాపారి ట్రాలీ ఆటోలో వచ్చాడు. ఒక్కో గంపలోంచి చేతికొచ్చినన్ని తీసి ఎండకి ఎత్తి చూస్తున్నాడు. రెండు గంపల్లో పగిలినవి దొరికాయి, వాటిని పక్కకి నెట్టాడు. వదిన ఏరిన గంప దగ్గర మూడుసార్లు చెయ్యి పెట్టాడు. మూడుసార్లూ ఒక్కటీ దొరకలేదు. అడుగు దాకా చెయ్యి పోనిచ్చి మళ్ళీ తీశాడు.

"ఇది ఎవరు ఏరారు?"

"ఈమె. సికింద్రాబాదు నుంచొచ్చింది" అంది నాగేశ్వరమ్మ.

ఆయన వదినని ఏదో అడగబోయి ఆగాడు. ఆమె చూపు ఆయన భుజం పక్కన ఎక్కడో ఉంది. ఆటోలో అంతకుముందు వేరే ఊళ్ళో కొని వేసుకున్న గంప ఒకటి దించి తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "ఇది నేను చూసుకుని కొన్నదే. మీరు ఒకసారి చూడండమ్మా" అన్నాడు.

పాకలో అందరూ చేతులాపి చూస్తున్నారు. వదిన పావుగంటలో దాంట్లోంచి దోసెడు తీసి పక్కన పోసింది. ఆయన ఒక్కోటీ నొక్కి చూశాడు. ఒక్కోటీ విరిగింది. ఆయనకి కోపం రాలేదు, నవ్వొచ్చింది. తలపాగా తీసి నెత్తి గోక్కుంటూ, "రేపు కూడా ఉంటారా?" అని అడిగాడు.

మమ్మల్ని చీరాల తీసుకెళ్ళాల్సిన ఆటో అప్పటికే వచ్చి హారన్ కొడుతోంది. నేను వదిన వైపు చూశాను. ఆమె అటు తల తిప్పకుండానే, "దాన్ని పొమ్మను పద్మా. సోమవారం రమ్మను" అంది.

ఆదివారం పొద్దున

తెల్లవారి వెలుతురు బాగా వచ్చాక ఒడ్డుకి వెళ్ళాం. ఈసారి వదిన, నేను మడిచి సంచిలో పెట్టుకొచ్చిన తెల్ల కర్ర అడిగి పట్టుకుంది. తడి ఇసుక అంచున కూర్చోబెట్టి, "చాయ్ తెస్తా, కదలకు" అని చెప్పి ఇంటికి వెళ్ళాను. పాలు పొంగే వరకు ఆగి, రెండు గ్లాసులు పట్టుకుని తిరిగి వచ్చేసరికి వదిన లేదు. కర్ర ఒక్కటే ఇసుకలో పడి ఉంది.

గ్లాసులు ఎక్కడ పెట్టానో నాకు గుర్తు లేదు. ముందు నీళ్ళల్లోకి చూశాను. తెల్లటి నురగ తప్ప ఏమీ లేదు. ఉత్తరం వైపు పావు కిలోమీటరు దూరంలో ఒక కాలువ సముద్రంలో కలుస్తుంది. అక్కడ అడుగున ఊబి ఉంటుంది, అటు పోవద్దు అని నాగేశ్వరమ్మ మొదటి రోజే చెప్పింది. అటే పరుగెత్తాను. మా ఆయనకి ఏం చెప్పాలి అన్న ఒక్క మాటే తల నిండా.

దారిలో పడవ నీడన వల బాగు చేసుకుంటున్న పెద్దాయన కనిపించాడు.

"ఒకామె, తెల్ల చీర, కండ్లు కనపడవు, చూసినవా అన్నా?"

"ఆ పెద్దమ్మా? అట్టా పోయింది."

"ఆపలేదా?"

"ఎందుకాపుతానమ్మా? చక్కగా నడిచి పోతా ఉంది" అన్నాడు ఆయన, వల మీద నుంచి తల ఎత్తకుండా.

ఇంకో రెండు వందల అడుగులు పరుగెత్తాక కనిపించింది. ఎదురుగా వస్తోంది. కొంగు రెండు చేతులతో ఒడిలా పట్టుకుని, చీర మోకాళ్ళ దాకా తడిసి, ఏ తొందరా లేకుండా నడిచి వస్తోంది. ఆమె చుట్టూ అంత దూరం ఎవ్వరూ లేరు. నేను ఆగిపోయాను. ఆమెని ఒంటరిగా నడుస్తుండగా చూసి మూడేళ్ళయింది. పిలవాలనిపించలేదు.

పది అడుగుల దూరంలో ఆమే ఆగింది. "పద్మా? రొప్పుతున్నవేంది?"

అప్పుడు తిట్టాను. నోటికొచ్చినట్టు తిట్టాను. కర్ర ఎందుకు పారేశావని, కాలువలో పడితే ఎట్లా అని, చివరికి అక్కడే ఇసుకలో కూలబడి ఏడ్చాను. అంతా అయ్యేదాకా ఆమె నిలబడి విన్నది.

"చేతులు రెండూ కావాలె గదా ఏరాలంటే" అంది. "పోయేటప్పుడు నీళ్ళు కుడి కాలుకు తగులుతున్నయి. వచ్చేటప్పుడు ఎడమ కాలుకు. తగలకుంటే జెర పక్కకు జరుగుడు, ఎక్కువ తగిలితే ఇటు జరుగుడు. కాలువ కాడ నీళ్ళు సల్లగైనయి, అడుగు మెత్తగైంది. ఎనకకు మర్రిన. గింతే."

నా పక్కన కూర్చుని కొంగు విప్పింది. గుండీల్లాంటివి, దువ్వెనల్లాంటివి గుప్పెళ్ళ కొద్దీ. వాటి మీద విడిగా, జాకెట్టులో దాచుకున్న చేతిరుమాలులో చుట్టి, అయిదు గుల్లలు. ఉల్లిపొరంత పలచగా ఉన్నాయి. నేను ముట్టుకోవడానికే భయపడ్డాను. ఆమె పాదానికి మెత్తగా ఏదో తగిలితే ఆగి, వంగి, ఇసుకతో సహా ఎత్తి, నీళ్ళల్లో కడిగిందట.

"ఇవి ఏం రంగు?"

"వంకాయ రంగు వదినా. కింది దిక్కు ముదురు, పైన లేత."

ఆమె కాసేపు ఆలోచించింది. ఆ ముఖం నాకు తెలుసు. కొత్త జాకెట్టు గుడ్డ మగ్గానికి బిగించాక, మొదటి కుట్టు ఎక్కడ వేయాలా అని చూసే ముఖం.

"అయితే గోల్డ్ జరీ పనికిరాదు. సిల్వర్ పెట్టాలె" అంది.

పాక దగ్గర వాటిని చూసి నాగేశ్వరమ్మ మిగతా వాళ్ళని కేకేసి పిలిచింది. దక్షిణపు గాలి గట్టిగా వీచిన రోజుల్లో ఎప్పుడో కొట్టుకొస్తాయట అవి. కళ్ళకి కనపడేలోపే ఎవరి కాలి కిందో పడి నుగ్గైపోతాయట. ఒక్కటి మొత్తంగా దొరికితేనే గొప్ప. అయిదు తెచ్చిన మనిషిని తాను చూడలేదంది. వదినని పాక మధ్యలో పీట వేసి కూర్చోబెట్టారు. ఆ పూట అందరికీ చాయ్ పాకలోనే కాచారు. వల బాగు చేసుకునే పెద్దాయన కూడా వచ్చి, అన్నీ తడిమి తడిమి చెబుతున్న ఆమె మాటలు వింటూ గ్లాసు ఖాళీ చేసి వెళ్ళాడు. మధ్యాహ్నం వదిన మళ్ళీ నడిచింది. నేను పాకలోనే కూర్చుని చూశాను. వెంట వెళ్ళకుండా ఉండడం నేర్చుకోవడానికి నాకు ఆ పూటంతా పట్టింది.

సికింద్రాబాద్

సోమవారం సాయంత్రం రైలు ఆగేసరికి మా ఆయన ప్లాట్‌ఫారం మీద మా బోగీ తలుపు ఎదుటే నిలబడి ఉన్నాడు. మూడు రోజులుగా ఫోన్‌లో "అక్క మంచిగున్నదా" అని అడగడమే, నేను "ఉన్నది" అనడమే తప్ప వివరం చెప్పలేదు. వదిన మెట్టు దిగుతుంటే కంగారుగా చెయ్యి చాపాడు, ఎప్పటిలాగే పట్టుకుని నడిపించడానికి.

ఆమె ఆ చేతిలో గవ్వల సంచి పెట్టింది.

"బరువున్నది, జాగ్రత్త. ఇండ్ల అయిదు ఉన్నయి, పలిగితే ఊకోను" అంది. చీర కుచ్చిళ్ళు సర్దుకుని, కర్ర తెరిచి నేల మీద తాకించింది. "ఇగ ముందు నడువురా శంకర్. నీ చెప్పుల సప్పుడు ఇనుకుంట నేనొస్తా."

మా ఆయన నావైపు చూశాడు. ఆయన సంచిని గుండెలకి ఆనించుకుని, చెప్పులు నేలకి గట్టిగా ఆనిస్తూ, ముందు నడిచాడు.